ముగింపు మార్చేటోడు

"అబద్ధం!"

ఆడోళ్ల దిక్కు నుంచి వచ్చిందా కేక. సినిమా డేరాల ఒక్కపారి సప్పుడు బందైంది.

నేను తెర పక్కన బల్ల మీద నిలవడి ఉన్న. నా పని గదే. బొంబాయి పిక్చర్ల మాటలు మా ఇబ్రహీంపట్నం చుట్టు ఊర్లోళ్లకు సగం సమజ్ గావు. తెర మీద వాళ్లు ఉర్దూల మాట్లాడుతరు, పక్కన నేను తెలుగుల గట్టిగ చెప్తా. నిజాం సర్కార్ బళ్లె నాలుగు జమాతులు సదివినందుకు నాకు దొరికిన నౌకరి. పేరు జహంగీర్.

ఆ దినం ఆఖరి రీల్ల హీరోయిన్ మొగని ఇంటి వాకిట్ల నిలవడి, "ఇగ నేను తిరిగి రాను" అన్నది. తలుపేసి పోయింది. నేనేమో, "మా అమ్మను చూసి రేపే వస్తనయ్యా" అని చెప్పిన. జనం చప్పట్లు కొట్టబట్టిరి. గప్పుడే ఆ కేక.

"ఆమె రానన్నది! రేపొస్తనని ఎక్కడన్నది? చెవులు ఇంట్ల పెట్టొచ్చినవా?"

ఆడోళ్లకు మొగోళ్లకు నడుమ బట్ట పరదా కట్టి ఉంటది. దాని ఎనక మణెమ్మత్త పకపక నవ్వింది. డేరా పడ్డప్పటి సంది ఒక్క ఆట ఇడువని మనిషి ఆమె. ఆమె నవ్వితె అందరు నవ్విండ్రు. నా మొకం మాడిపోయింది.

ఆ కేకేసింది ఎవరని అడిగితె, దర్జీ అహ్మద్ అలీ చాచా బిడ్డ మదీనా అన్నరు.

తెల్లారి నా నల్ల కోటు గుండీ ఒకటి పీకి దుకాణంకు పోయిన. చాచా మిషన్ తొక్కుతున్నడు.

"గుండీ ఊడింది చాచా."

"లోపల ఇయ్యి, బిడ్డ కుడ్తది."

తలుపు పరదా కింది నుంచి కోటు ఇచ్చిన.

"ఊడిందా, పీకినవా?" అన్నది లోపలి నుంచి రాత్రి గొంతే.

ఓయబ్బ! నాకు మస్తు కోపమొచ్చింది.

"జనాన్ని ఏడిపించి ఇంటికి పంపాల్నా ఏంది?"

"ఏడిపించేది డైరెక్టర్ ఇష్టం. పదమూడు రీళ్లు కష్టపడి ఆమెను ఆ వాకిట్లకు తెచ్చిండు. నువ్వు ఒక్క మాటతోని ఎనకకు గుంజినవ్."

"డైరెక్టర్ బొంబాయిల కూసున్నడు. రేపు జనం రాకుంటె డేరా సేటుతోని తిట్లు తినేది నేను."

"అయితె సేటుకు భయపడ్డ అను. జనం మీద పెట్టకు."

 గుండీ కుట్టిన కోటు తీస్కోని వచ్చిన. తొవ్వల జవాబులు పది దొరికినయ్.

అవి చెప్పాలంటె మళ్ల గుండీ ఊడాలె గదా! ప్రతి శుక్రవారం పట్నం బస్సుల కొత్త పిక్చర్ డబ్బాలు దిగేది. ప్రతి శనివారం నా గుండీ ఊడేది. మదీనాకు పిక్చర్ల ముచ్చట్లు మొత్తం ఎరుకే. బట్టల తాన్లకు సుట్టి వచ్చే ఉర్దూ అఖ్బార్లు ఒక్క ముక్క ఇడువకుంట సదివేది. డైరెక్టర్లకు మేమే పేర్లు పెట్టుకున్నం.

"గుర్రాల డైరెక్టర్ కొత్తది ఎట్లున్నది?" అని నేనడిగేది.

"గుర్రాలు మస్తు చేసినయ్. హీరోనే వాటి దగ్గర జర నేర్చుకోవాలె."

"మరి నీ ఏడుపు డైరెక్టర్? ఆడిదాని మొకం మీద కెమెరా పెట్టి నిద్రపోతడు. ఒక్క మాట ఉండదు, నేనేం చెప్పాలె?"

"ఏం లేనప్పుడు ఊకె ఉండు. నీకు గదొక్కటే రాదు."

చాచా మిషన్ ఆపి, "ఏం కోటురా నీది? నా దారం ఒడుస్తున్నది గని నీ గుండీలు నిలవయ్" అనేటోడు. మీసాల కింద నవ్వేటోడు. చాచాకు అంతా తెలుసు.

ఒక దినం ఆట నడుమ వాన దంచి కొట్టింది. డేరా కారబట్టె, పిక్చర్ మిషన్ బందైంది, జనం ఉరికిండ్రు. తడిసిన పరదా ఒక మూల జారింది. గప్పుడు చూసిన మదీనాను మొదటిసారి. చున్నీ నెత్తి మీదికి గుంజుకుంట నిలవడ్డది.

"ఏం చూస్తున్నవ్? పిక్చర్ ఆగిపోయింది."

"నాది గిప్పుడే షురూ అయ్యింది."

"గిది ఏ డైరెక్టర్ మాట?"

"నాదే."

"జర పాతగున్నది" అని నవ్వింది. ఆ నవ్వు చూసినంక నాకు ఇంటి తొవ్వ ఎటో తెలువలే.

దసరా పోయినంక ఒక శనివారం ఆమె గొంతు వేరేగ ఉన్నది.

"కోహెడ నుంచి సంబంధం వచ్చింది. పేరు నజీరుద్దీన్. రేపు ఐతారం పెద్దలొస్తున్నరు."

చాచా దిక్కు చూసిన. మిషన్ సప్పుడుల ఆయనకు ఇనవడలే.

"నువ్వడిగితె అబ్బాజాన్ కాదనడు. అందరి హీరోల మాటలు నువ్వే చెప్తవ్ గదా జహంగీర్. నీ మాట ఒక్కటి చెప్పు."

"చెప్తా. అల్లా మీద ఒట్టు."

ఐతారం పొద్దున కోటేసుకోని పోయిన. నాకంటె ముందే వాళ్లొచ్చి కూసున్నరు. నజీరుద్దీన్ తల్లి లాల్ బీ, మేనమామ. నేను గడపల నిలవడ్డ.

లాల్ బీ చాయ్ కప్పు కింద పెట్టి, "ఒక మాట విన్నమన్నా" అన్నది. "మీ పిల్ల డేరాల ఎవడితోనో గొడవ పడ్డదట. వాడు దుకాణంకు గూడ వస్తడట. నిజమేనా?"

చాచా మొకంల నెత్తురు లేదు. నా దిక్కు చూసిండు. అందరు చూసిండ్రు.

ఒక్క మాట. "ఆ మనిషి నేనే, మదీనాను నాకియ్యి చాచా." తొవ్వంత అనుకుంటనే వచ్చిన. గని చాచా కండ్లల్ల నీళ్లు కనవడ్డయ్. ఆఖరి రీల్ల జనం మొకాలు గట్లనే ఉంటయ్. నా నాలుక రోజు చేసే పనే చేసింది.

"అవన్ని ఉత్త ముచ్చట్లు లాల్ బీ. డేరాల ఉండేటోడిని నేను, నాకు ఎరుక గాదా? ఆ పిల్ల గొంతు నేనెన్నడు వినలే. బంగారమసొంటి పిల్ల."

ముందు పిల్ల పరువు నిలవెడ్దాం, వాళ్లు పోయినంక అడుగుదాం అనుకున్న. థూ నా బతుకు!

లాల్ బీ మొకం విచ్చుకున్నది. "గట్లయితె ఇంక చూసేదేమున్నది?" అని కొంగు ముడి ఇప్పి చాచా నోట్ల చక్కెర పెట్టింది. చక్కెర తిన్నంక మాట తిప్పే రివాజు మా దాంట్ల లేదు. అది నాకు తెలుసు. చాచా నోరు తెరిచేదాంక యాదికి రాలే.

తలుపు పరదా ఎనక మదీనా ఉన్నది. అంత జనంల ఒర్రిన పిల్ల, గా దినం "అబద్ధం!" అనలే. అంటె తండ్రి తల ఎత్తలేడు.

వచ్చే శనివారం మళ్ల కోటిచ్చిన. ఊడింది ఒకటే. మారు మాట లేకుంట కోటు పరదా కింది నుంచి బయటికొచ్చింది. అయిదు గుండీలు జోడు దారంతోని కుట్టి ఉన్నయ్.

ఏడాదికి ఆ మొదటి పిక్చరే మళ్ల వచ్చింది. కోహెడ నుంచి కచ్చురం బండ్ల లాల్ బీ కోడలిని తోల్కొచ్చిందని మణెమ్మత్తనే చెప్పింది. ఆఖరి రీలు తిరుగుతున్నది. హీరోయిన్ వాకిట్ల నిలవడ్డది.

"ఇగ నేను తిరిగి రాను" అని చెప్పిన, ఉన్నదున్నట్టు.

జనం గుర్రుమన్నరు. పరదా ఎనక మణెమ్మత్త గొంతు ఇనవడ్డది. "ఏమే మదీనా, గీడు మళ్ల అబద్ధం చెప్తున్నడా?"

 నేను పరదా దిక్కు తిరిగిన.

"లేదు మణెమ్మత్త. ఈసారి నిజమే చెప్పిండు."

దీపాలు వెలిగినయ్. సేటు దూరం నుంచే తిట్టబట్టె. నేను బల్ల దిగి, కోటు గుండీ పట్టి గుంజిన. శానా గట్టిగ గుంజిన. అది ఊడలే.