రెండో ఐసు బండి

"ముగ్గురు అమ్ముడుపోయారు. ఎవరి చేతుల మీదుగానో ఇంకా తేలలేదు" అంటూ డైరెక్టర్ ఇసబెల్ మక్‌ఫెయిల్ ఫైలు బల్ల మీద పడేసింది.

మార్విన్ హ్రిన్‌చుక్ ఫైలు తెరిచాడు. కెనడా గూఢచారి విభాగంలో అతను ఏజెంట్ నైన్టీన్. వయసు యాభై రెండు. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్లు, లేక్ సుపీరియర్ ఒడ్డున పోర్ట్ డాల్టన్ అనే తన సొంత ఊళ్లో ఐసు హాకీ ఆడే బరికి, అంటే రింకుకి, ఐసు వేసేవాడు. ఫైల్లో ఏడుగురి ఫొటోలున్నాయి. హాకీ లీగు సెలక్షన్ కమిటీ. ఏటా జనవరిలో ఆరుబయట ఆడే ఆ ఒక్క పెద్ద మ్యాచ్‌కి రెండు టీములనీ, ఒక స్టేడియాన్నీ ఎంచే మహానుభావులు.

ఆ మొహాలు చూడగానే మార్విన్‌కి ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా వీళ్లు ఎంచింది తిప్పి తిప్పి అవే అయిదు టీముల్ని, అవే మూడు మహానగరాల్ని. పోర్ట్ డాల్టన్ ట్రాపర్స్ నలభై ఏళ్లుగా లీగులో ఉన్నారు. ఆరు నెలలు గడ్డకట్టే ఊరు అది. ఆరుబయట హాకీ అక్కడే పుట్టిందన్నా ఎవరూ కాదనరు. అయినా వడ్డించేవాడు మనవాడు కాకపోతే మొదటి బంతిలో కూర్చున్నా విస్తరి ఖాళీయే.

"ఈసారి మ్యాచ్ మీ ఊరికొచ్చింది, తెలుసుగా?" అంది డైరెక్టర్.

"తెలుసు మేడమ్. కమిటీకి బుద్ధొచ్చిందనుకున్నాను."

"బుద్ధి కాదు, బేరం. ఆరు ఓట్లు ఎప్పటి నగరానికే పడాల్సింది. వారం రోజుల్లో నాలుగు-మూడుతో పోర్ట్ డాల్టన్ గెలిచింది. ఒకడు చేపల వేట విహారానికి లొంగాడు. ఒకడు కొడుకు ఉద్యోగానికి."

"మూడోవాడు?"

"వాడు మరీ చవక. నాలుగుసార్లు పొగిడితే చాలు."

మార్విన్ ఫైలు మూసేశాడు. నీచులు! ఊరి మీద ప్రేమతో కాకపోతే పోనీ, హాకీ మీద ప్రేమతోనన్నా ఆ ముగ్గురిలో ఒక్కడూ ఓటు వెయ్యలేదు.

"మీ ఊరి కొండ మీద రాడార్ కేంద్రముంది. శనివారం సరిగ్గా ఒంటిగంటకి కొత్త రాడార్‌ని పూర్తి శక్తితో పరీక్షిస్తున్నారు. ఆ సిగ్నల్ ఒక్కసారి రికార్డయితే శత్రు విమానాలు మన కళ్లుగప్పి రావచ్చు. మిత్రదేశాల విమానాలు అప్పటికే గాల్లో ఉంటాయి. వాయిదా కుదరదు. మ్యాచ్ మొదలయ్యేదీ ఒంటిగంటకే."

"అంటే ఏదో విదేశీ ముఠా..."

"కోబాల్ట్ ముఠా. స్టేడియంలో వాళ్ల చెయ్యి ఎక్కడుందో కనిపెట్టు. లీగులో మనకో మనిషి ఉంది, ఈవెంట్ డైరెక్టర్ సిమోన్ వాలియర్. శనివారం పన్నెండింటిలోగా నువ్వు తేల్చకపోతే మ్యాచ్ రద్దు చేస్తాను."

పదకొండేళ్లకి వచ్చిన మ్యాచ్! రద్దయితే మళ్లీ ఈ జన్మలో ఆ ఊరి మొహం ఎవరూ చూడరు.

టెక్నికల్ సెక్షన్ వాళ్లు అతనికో ఉన్ని టోపీ ఇచ్చారు. అందులో కెమెరా. దాని బ్యాటరీ పోర్ట్ డాల్టన్ ఎయిర్‌పోర్టు గుమ్మం దాటగానే చలికి చచ్చిపోయింది. మైనస్ ముప్ఫై ఒకటి. టోపీ మాత్రం వెచ్చగా ఉంది.

శుక్రవారం పొద్దున్న మార్విన్ నకిలీ మీసంతో, నకిలీ పేరుతో ఐసు సిబ్బందిలో చేరాడు. మీసం మీద శ్వాస గడ్డకట్టి నిజం మీసంలాగే కనిపించింది. అయినా అరగంటలో దొరికిపోయాడు.

"ఒరేయ్ మార్విన్! మూతి మీద ఆ ఉడత తోకేంట్రా?"

అతని అక్క డోరిస్. స్టేడియం గేటు దగ్గర పెరొగీలు, అంటే బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, వేయిస్తోంది.

"అక్కా, మెల్లిగా. డ్యూటీలో ఉన్నాను."

"ఏం డ్యూటీ? పైపులు మోయడమా? సరేలే, తిను." వేడివేడి పెరొగీ అతని నోట్లో కుక్కింది. "చూశావురా, సాధించాను! ఏటా కమిటీకి ఉత్తరం రాశాను. పదకొండు ఉత్తరాలు. నువ్వేమో చెత్తబుట్టలో వేస్తారే అన్నావు. చివరికి కరిగారా లేదా?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు రెప్పల మీదే గడ్డకడుతున్నాయి. చేపల వేట గురించి, కొడుకు ఉద్యోగం గురించి మార్విన్ ఏమని చెప్తాడు? నోట్లో పెరొగీ గడ్డిలా తోచింది. తన దేశపు శత్రువుల మీద కూడా అతనికి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"కరిగారక్కా" అన్నాడు.

సిమోన్ వాలియర్ ఆటగాళ్ల బెంచీ దగ్గర కలిసింది. తెల్లటి నక్కతోలు టోపీ, ఎర్ర కోటు, సూదిలాంటి మడమల బూట్లు. ఆవిడ నడిచొస్తుంటే పైపులు బిగించేవాళ్లు మరలు తప్పు వైపు తిప్పుతున్నారు.

"ఎండ కాస్తుందంటారా?" అన్నాడు మార్విన్. అదే కోడ్.

"ఎండ కంటే వానకే భయపడాలి" అంది సిమోన్. సరైన జవాబు. తర్వాత గొంతు తగ్గించింది. "మీ కోసమే చూస్తున్నాను. నాకు అనుమానం ప్రెస్ బాక్సు మీద. ముగ్గురు విదేశీ విలేకరులున్నారు, వాళ్లని వదలకండి."

"ఆ బళ్లేంటి, రెండున్నాయి?"

స్టేడియం వెనక రెండు పెద్ద ట్రక్కులు గుర్రుమంటున్నాయి. ఐసు బళ్లంటే అవే. వాటినుంచి గొట్టాల్లో ఒక ద్రవం వెళ్లి రింకు అడుగున తిరుగుతుంది. ఇంత చిన్న రింకుకి ఒక్క బండి చాలు.

"రెండోది నేనే తెప్పించాను. ఎండ ముదిరితే పనికొస్తుందని" అంది సిమోన్.

మార్విన్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆకాశంలోకి చూశాడు. ఎండ ముదరడం! పోర్ట్ డాల్టన్లో! జనవరిలో! ఇదీ లీగు బుర్ర. నవ్వు రాలేదు, రోత పుట్టింది. ఆ రోతలోనే ఆ మాట వదిలేశాడు. అతను చేసిన తప్పు అదే. ఎదుటివాడు వెధవ అని ఒకసారి తీర్మానించుకుంటే, వాడు దొంగ కూడా కావచ్చని తోచదు.

రోజంతా ముగ్గురు విలేకరుల వెంట తిరిగాడు. వాళ్లు బీరు తాగారు, చలిని తిట్టారు, నిద్రపోయారు. నిజంగానే విలేకరులు.

శనివారం తెల్లవారుతూనే మంచు కురిసింది. పదిన్నరకి ఆగింది. జనం దుప్పట్లతో, ఫ్లాస్కులతో బారులు తీరారు. ఇరవై రెండు వేల మంది. పదకొండున్నరకి మార్విన్ ఐసు బళ్ల పక్కగా వెళ్తూ ఠక్కున ఆగిపోయాడు.

మొదటి బండి గొట్టాలు నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. రెండో బండి గొట్టాల మీద జానెడు మంచు మెత్తగా పేరుకుని ఉంది.

పదేళ్లు ఐసు వేసిన మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇంత చలిలో ఐసు గాజులా పెళుసెక్కి స్కేటు కింద పెళ్లలుగా లేచిపోతుంది. అందుకే ఈ చలికి ఐసు బండి పని చల్లబరచడం కాదు, వెచ్చబెట్టడం. గొట్టాల్లో గోరువెచ్చటి ద్రవం పారుతుంటే వాటి మీద మంచు నిలవదు. రెండో బండి గుర్రుమంటోంది గానీ, గొట్టాల్లో ఏమీ పారడం లేదు.

బండి మెట్టు మీద కొత్త యూనిఫాంలో ఒక ఇంజనీర్ సిగరెట్ కాలుస్తున్నాడు.

"గురూ, పనెలా ఉంది?" అన్నాడు మార్విన్.

"పనేముంది? ఈ చలికి ఐసు దానంతటదే కడుతుందిగా. మాకు సెలవే!" అంటూ వాడు పళ్లికిలించాడు.

మార్విన్ కూడా పళ్లికిలించి స్టాండు పైవరసకి ఎక్కాడు. అక్కణ్ణుంచి కిందికి చూశాడు. రెండో బండి కప్పు మీద చదరంగా ఒక మూత. గొట్టాల మీద మంచు అలాగే వదిలేసినవాళ్లు, ఆ మూత మీద మాత్రం శుభ్రంగా ఊడ్చారు. మూతకెదురుగా, అడ్డేమీ లేకుండా, కొండ మీద రాడార్.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ బండిని తెప్పించిందెవరో. ఎండ ముదురుతుందన్నదెవరో. తనని ఒక రోజంతా బీరు తాగేవాళ్ల వెంట తిప్పిందెవరో. కంచే చేను మేసింది!

పదకొండు యాభైకి డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు.

"రెండో ఐసు బండి. కప్పులోంచి యాంటెనా లేస్తుంది. సిమోన్ కోబాల్ట్ మనిషి."

"సోల్జర్స్‌ని పంపుతున్నాను. మ్యాచ్ రద్దు."

"వద్దు మేడమ్! రోడ్డంతా కార్లు, మీ సోల్జర్స్ ఒంటిగంట దాకా రాలేరు. రద్దని మైకులో చెప్పారంటే జనం గుంపులో కలిసి వీళ్లు జారుకుంటారు. తుపాకులు పేలితే మధ్యలో పిల్లలున్నారు."

"నీ దగ్గరేముంది?"

"నీళ్ల గొట్టం."

"మార్విన్, ఇది జోకులకి టైము కాదు!"

"ఐసు వెయ్యడం నా వృత్తి మేడమ్. ఆ మూత తెరుచుకోదు. మాటిస్తున్నాను."

"తెరుచుకుంటే నీకు ఉద్యోగం ఉండదు. మీ ఊరికి ఆట ఉండదు."

"రెండోదే నా బాధ" అని ఫోన్ పెట్టేశాడు.

రింకు కట్టడానికి వాడిన సన్నటి తుంపర గొట్టం ఇంకా చుట్ట చుట్టి అక్కడే ఉంది. పన్నెండున్నరకి మ్యాచ్ ముందు బ్యాండు మోత మొదలైంది. ఇంజనీర్ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. మార్విన్ గొట్టం భుజానేసుకుని పక్క బండి నిచ్చెన మీదినుంచి రెండో బండి కప్పు మీద తుంపర పట్టాడు.

ఐసు వెయ్యడానికి ఓపిక కావాలి. కుమ్మరిస్తే నీళ్లు జారిపోతాయి. తుంపర పట్టాలి, గడ్డకట్టేదాకా ఆగాలి, మళ్లీ పట్టాలి. పొర మీద పొర. మైనస్ ముప్ఫై ఒకటిలో ఒక్కో పొరకి పది లెక్కపెడితే చాలు. మూత అంచులు మూసుకుపోయాయి. తర్వాత మూతే కనబడకుండా పోయింది. కిందికి దిగి తలుపుకి పట్టాడు. తాళానికి, కీళ్లకి, మెట్లకి. బండి గుర్రుమనే చప్పుడులో లోపలివాళ్లకి తుంపర వినబడలేదు. మొదటిసారిగా ఆ దొంగ మోటారు ఒక మంచి పని చేసింది.

పన్నెండు యాభై ఆరు.

"గొట్టం కింద పడెయ్, మార్విన్."

సిమోన్. చేతిలో చిన్న పిస్టల్. మొహంలో మునుపటి చిరునవ్వు లేదు.

"పన్నెండేళ్లు లీగులో ఉన్నావు. ఒక్క మ్యాచన్నా మనసుపెట్టి చూశావా?" అన్నాడు మార్విన్.

"ఆట ఎవడిక్కావాలి? ఆ కమిటీని చూశావుగా. కుక్కలకి బొమికలు వేసినట్టు వేశాను. వాళ్ల మధ్య పన్నెండేళ్లు కూర్చుంటే నువ్వు మాత్రం మారవా?"

ఆ ఒక్క విషయంలో ఆవిడతో వాదించడానికి మార్విన్‌కి మనసొప్పలేదు.

"పడెయ్యమన్నానా!"

"ఇదుగో" అని గొట్టం వదిలాడు. ఆవిడ పిస్టల్ ఎత్తి రెండడుగులు ముందుకేసింది. ఆ నేల మీద అరగంటగా తుంపర పడుతోంది. అప్పుడే కట్టిన ఐసు మీద సూది మడమల బూట్లతో అడుగుపెట్టడం, హాకీ మనిషన్నవాళ్లు చేసే పని కాదు. కాళ్లు రెండూ ఆకాశం వైపు లేచాయి. పిస్టల్ ఒక వైపు, నక్కతోలు టోపీ ఒక వైపు. ధబ్బుమని వెల్లకిలా పడింది. లేవబోయి మళ్లీ పడింది. మార్విన్ గట్టి బూట్లతో చిన్న చిన్న అడుగులేస్తూ వెళ్లి, బేడీలు వేశాడు.

ఒంటిగంట.

కప్పు లోపల మోటారు కీచుమంది. మూత లేవబోయింది. ఐసు పటపటమంది. మూత అంచున వెంట్రుకంత బీట. ఇంకో పొర వెయ్యాల్సింది! మోటారు ఇంకా గట్టిగా అరిచింది. తర్వాత కాలిన వాసన వచ్చింది. తర్వాత ఏమీ లేదు. లోపలివాళ్లు తలుపు మీద గుద్దడం మొదలుపెట్టారు.

కొండ మీద రాడార్ తన పరీక్ష ముగించుకుంది. రింకులో రిఫరీ ఆట మొదలుపెడుతూ పక్ బిళ్లని వదిలాడు. ఇరవై రెండు వేల గొంతులు ఒక్కసారి లేచేసరికి, తలుపు మీద గుద్దులు ఎవరికీ వినబడలేదు.

సోల్జర్స్ ఒకటీ ఇరవైకి వచ్చారు. లోపలున్న నలుగురినీ బయటికి తియ్యడానికి గొడ్డళ్లు, రెండు బకెట్ల వేణ్ణీళ్లు పట్టాయి. ట్రాపర్స్ నాలుగు-మూడుతో ఓడిపోయారు. ఊళ్లో ఎవడూ పట్టించుకోలేదు. డోరిస్ బొంగురుపోయిన గొంతుతో, "ఒరేయ్, ఎంత బాగా ఓడిపోయార్రా!" అని ఏడ్చింది.

ముగ్గురు కమిటీ సభ్యుల్నీ జైల్లో పెడతారని మార్విన్ ఎదురుచూశాడు. పెట్టలేదు. విదేశీ ముఠా సంగతి తమకి తెలియదన్నారు, అది నిజమే. ఆరోగ్య కారణాలతో తప్పుకుని, పూలదండలు వేయించుకుని వెళ్లారు. ఛీ! దేశద్రోహికైనా ఒక పక్షం ఉంటుంది. వీళ్లకి అదీ లేదు.

జూన్లో కొత్త కమిటీ కొత్త జాబితా ప్రకటించింది. ఎప్పటి రెండు టీములు, ఎప్పటి మహానగరం. పోర్ట్ డాల్టన్ "భద్రతా కారణాల వల్ల" ఇక పరిశీలనలో ఉండదట. డోరిస్ ఫోన్లో పావుగంట తిట్టి, అలసిపోయి అడిగింది.

"మన ఊరి విలువ తెలిసినవాళ్లు ఒక్కళ్లన్నా లేరట్రా ఆ లీగులో?"

"ఒకావిడ ఉండేదక్కా" అన్నాడు మార్విన్. "ఇరవై ఏళ్లు జైలు వేశారు."