దించురాయి

తమిళనాట మా ధర్మపురిలో పాత వంతెనకు అవతలే బస్సులన్నీ ఆగిపోతాయి. తెల్లదొరల కాలంలో రాయీ సున్నమూ పెట్టి కట్టిన కమానుల వంతెన అది. బరువు మొయ్యలేదని తేల్చి బస్సుల్నీ లారీల్నీ ఆపేశారు. మనుషుల్ని ఆపలేదు. అందుకని పెన్నాగరం, ఏరియూరు వైపు నుంచి సంతకు వచ్చే ఆడవాళ్లు అవతల గట్టున బస్సు దిగి, టమాటా గంపలూ చింతపండు మూటలూ నెత్తికెత్తుకుని, వంతెన పొడుగునా నడిచి ఇవతలికి వస్తారు. మగవాళ్లు మోపెడ్ల మీద వస్తారు. వంతెన మొయ్యలేని బరువును ఆడవాళ్ల మెడలు మోస్తాయని ప్రభుత్వానికి ఏ పరీక్షా చెయ్యకుండానే తెలుసు.

ఆ వంతెన మీద రైలు బస్సు నడపొచ్చా లేదా అని తేల్చే పని నా మీద పడింది. రైలు బస్సంటే రెండు చిన్న పెట్టెల తేలిక బండి. రెండు వేల ఎనిమిదో సంవత్సరం, కరెంటు కోతల కాలం. వంతెనల విభాగంలో నేనొక్కదాన్నే ఆడ ఇంజనీరుని. సంతకం పెట్టాల్సిన చోట నన్ను ముందుకు నెడతారు. ఫోటో తీసే చోట వెనక్కి నెడతారు. చాలా ఏళ్లయింది, అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన అలసట తగ్గదు.

"బస్సును మొయ్యలేనిది రైలును ఎట్లా మోస్తుంది సార్?" అని అడిగాను మా పై అధికారి బాలసుందరాన్ని.

ఆఫీసులో తమిళం తప్ప మాట్లాడని మనిషి. నాతో పని పడినప్పుడు మాత్రం ఇంటి తెలుగు బయటికి తీస్తాడు. "పట్టాలు బరువును పంచేస్తాయమ్మా వేదవల్లీ. చదువుకున్నదానివి, నీకు చెప్పాల్నా? పరీక్ష చెయ్యి, బాగుందని రాసియ్యి. ఊరంతా ఎదురు చూస్తా ఉండారు."

ఊరంతా అన్నది అబద్ధం కాదు. ఇవతల గట్టున టీ కొట్టు దగ్గర రోజూ నన్ను పట్టుకునేది పాపక్క. ఏరియూరు నుంచి చింతపండు తెచ్చి అమ్ముతుంది. అరవై దాటాయి. మూటలు మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయాయి.

"ఏమమ్మణ్ణీ, ఆ గోడల్ని తట్టి తట్టి చూస్తాండావు, పెండ్లిచూపులా?" అనేది. "వద్దని గాని రాసినావో, ఆ పొద్దు నుంచి నా మూట నీ నెత్తినే పెడతాను."

"కూలిపోతే, పాపక్కా?"

"కూలితే కూచోని పడతాను. ఇప్పుడు నిలబడి చస్తాండాను కదా."

నవ్వు వచ్చింది. ఆమెకు రైలు కావాలి. నాకు ఆ రైల్లో ఆమె బతికి ఇవతలికి చేరాలి. ఈ రెంటికీ మధ్యన ఉన్నది ముసలి వంతెన ఒక్కటే.

వంతెనకు ఇవతలి కొసన దించురాయి ఉండేది. తలెత్తున రెండు నిలువురాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ. తమిళంలో సుమైతాంగి అంటారు. నెత్తిన మూట ఉన్న మనిషి వంగకుండా, ఎవరినీ బతిమాలకుండా, మూటను ఆ బండ మీదికి జరిపి కాసేపు మెడ సాగదీసుకోవచ్చు. కడుపుతో ఉండి, కనకుండానే చనిపోయిన ఆడమనిషి కోసం వేస్తారు దాన్ని. ఆమె దించుకోలేకపోయిన బరువును దారిన పోయేవాళ్లు దించుకుంటే ఆమెకు శాంతి అని నమ్మకం. ఇక్కడి రాయి ఈ వంతెన కట్టేటప్పుడు సున్నం మోసిన కూలిమనిషిది. నిండు నెలల్లో, గంప నెత్తిన ఉండగానే, నడిమి కమాను మీద కూలబడిపోయిందట. కట్టించిన దొర పేరు వంతెన గోడ మీద చెక్కి ఉంది. ఆమె పేరు ఎవరికీ తెలియదు.

ఆ దారిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. బరువుతో ఉన్న మనిషి "ఒక్క చెయ్యి వెయ్యి" అని అడిగితే ఏ ఆడదీ కాదనదు. పగ ఉన్నా సరే, ముక్కూ మొహం తెలియకపోయినా సరే. ముందు చేతులు పైకి లేస్తాయి. ఎవరా అని చూసేది ఆ తర్వాతే.

పరీక్ష పద్ధతి సులువైనదే. వంతెన మీద ఇసుక మూటలు పేర్చి ఒక రోజు ఉంచుతాం. కమాను కింద బిగించిన గేజిలో ఒక ముల్లు ఉంటుంది. వంతెన ఎంత కుంగిందో అది చూపిస్తుంది. కుంగడం తప్పు కాదు. బరువు దించేశాక ముల్లు వెనక్కి రావాలి. రాకపోతే లోపల ఏదో తెగిపోయినట్టు లెక్క.

మేస్త్రి ఈశ్వరప్పకు ఇసుక మూటలు తక్కువ పడ్డాయి. పట్టాలకు అడ్డమని దించురాయిని అప్పటికే పెరికి పక్కన పడేసి ఉన్నారు. ఆ బండను క్రేనుతో ఎత్తి నడిమి కమాను మీద పెట్టించాడు. నేను వచ్చేసరికి అది మూటల మధ్య బోర్లా పడుకున్న మనిషిలా ఉంది.

"దాన్నెందుకు పెట్టినావు ఈశ్వరప్పా?"

"రాయే కదా మేడమ్. బరువుకు బరువు."

మర్నాడు సాయంత్రం దించేటప్పుడు గొలుసు జారింది. బండ వంతెన గోడకు కొట్టుకుని, రెండు ముక్కలై ఏట్లో పడింది. చూస్తున్న ఆడవాళ్లలో ఉన్న పాపక్క తన మూటను దించే చోటు కోసం అలవాటుగా పక్కకు తిరిగి, అక్కడ ఏమీ లేక, నెత్తిన బరువుతో అట్లాగే నిలబడిపోయింది.

చీకటి పడుతుండగా ముల్లు చూడటానికి నేనొక్కదాన్నే దిగాను. కూలీలు వెళ్లిపోయారు. వీధి దీపాలు పోయాయి, కరెంటు కోత. దెయ్యాలంటే నాకు భయం లేదు. చీకటి పడితే ఆడవాళ్లు భయపడేది మగవాళ్లకే, ఆ సాయంత్రం అక్కడ ఒక్క మగవాడూ లేడని ఊపిరి పీల్చుకున్నాను కూడా.

కమాను కింద కట్టిన పరంజా ఎక్కాను. కింద ఏరు సన్నగా పారుతోంది. కప్పల అరుపు. తలకు జానెడు ఎత్తున రాళ్లు. వాటి సందుల్లోంచి ఒక వాసన వస్తోంది. తడి సున్నం వాసన. దానితో బెల్లం పాకం, కరక్కాయ. ఆ కాలంలో సున్నంలో అవి కలిపి దంచేవాళ్లని పుస్తకాల్లో చదివాను. ఎప్పుడో ఎండి రాయైపోయిన సున్నం. అప్పుడే దంచినట్టు వాసన కొడుతోంది.

టార్చి వేసి గేజి చూశాను.

ముల్లు వెనక్కి రాలేదు. మూటలన్నీ దించేశాం. అది మాత్రం ఉన్నచోటే ఉంది, వంతెన మీద బరువు ఇంకా ఉన్నట్టు.

సరే, నా అనుమానం నిజమైంది అనుకున్నాను. వంతెన పని అయిపోయింది. పాపక్కకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

ముల్లు కదిలింది.

వెనక్కి కాదు. ముందుకు. ఒక్క గీత.

అప్పుడే పైన... ఒక అడుగు పడింది.

ఆగింది. మడమ ఈడ్చిన చప్పుడు. ఇంకో అడుగు. ముల్లు ఇంకో గీత.

ఒక మనిషి నడిస్తే రాతి వంతెన కుంగదు. గేజికి తెలియను కూడా తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, సంత నుంచి ఆలస్యంగా తిరిగి పోతున్న ఎవరో ఆడమనిషి అనుకున్నాను. అట్లా అనుకోకపోతే పరంజా మీద నుంచి కదలలేకపోయేదాన్ని. గట్టెక్కి పైకి వచ్చాను.

వంతెన ఖాళీ.

ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎవరూ లేరు. ముందుకు నడిచి టార్చి వేస్తే, నడిమి కమాను మీద మాత్రం తెల్లటి తడి మరకలు. చిన్న పాదాలు. దూరం దూరంగా కాదు... దగ్గర దగ్గరగా. మొయ్యలేని బరువుతో నడిచినట్టు. నేను చూస్తుండగానే ఆ అడుగులు ఒక్కొక్కటే పడుతూ నా వైపే వచ్చి, నా పక్క నుంచి సాగి, నా వెనక ఆగాయి.

మెడ మీద ఊపిరి తగిలింది.

"అక్కా..."

చిన్న గొంతు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

"ఒక్క చెయ్యి... వెయ్యక్కా."

నేను తిరగలేదు. పారిపోవాలనే అనుకున్నాను. కానీ నా చేతులు... అవి అప్పటికే పైకి లేచాయి.

వేళ్లకు వెదురు తగిలింది. తడిసిన గంప అంచు. అది నా నెత్తి మీదికి దిగింది. మెడలో ఎముకలు కలుక్కుమన్నాయి. చల్లటి సున్నం నీళ్లు చెవి వెనక నుంచి జాకెట్టులోకి కారాయి.

"యాడ దించాల?" అని గుసగుసగా అడిగాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

పెద్ద నిట్టూర్పు ఒకటి. తర్వాత అడుగులు. తేలికైన, గబగబా పడే అడుగులు అవతలి గట్టు వైపు పోయాయి. పోతూ... నవ్వినట్టుగా కూడా అనిపించింది.

చేతులతో తల మీద తడిమాను. ఏమీ లేదు. ఒట్టి గాలి. బరువు మాత్రం ఉంది.

ఆ గంపలో ఏదో కదిలింది. నిద్రలో ఒత్తిగిలినట్టు.

వంతెన దాటి ఇవతలికి ఎట్లా వచ్చానో, పరంజా మళ్లీ ఎట్లా ఎక్కానో తెలియదు. టార్చి వేసి చూశాను. ముల్లు సున్నాలో ఉంది.

"చూస్తివా!" అన్నాడు బాలసుందరం మర్నాడు. "పూర్తిగా వెనక్కి వచ్చేసింది. ముసలిదైనా గట్టిది."

నేను వద్దనే రాసిచ్చాను. ఎందుకు వద్దో మాత్రం రాయలేకపోయాను. ఆయన ఆ కాగితాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "ముల్లు సున్నాలో ఉంటే వద్దంటావేమిటమ్మా? చీకట్లో ఒక్కదానివే పోయి జడుసుకున్నట్టుండావు. రెండు రోజులు సెలవు పెట్టుకో." నా బదులు ఇంకెవరో సంతకం పెట్టారు. పట్టాలు వేశారు. దించురాయిని మళ్లీ నిలబెట్టమని అడిగితే, ఆ చోట సిమెంటు బెంచీ వేయించి దాని మీద దాత పేరు రాయించారు. మోకాలెత్తు బెంచీ. మూటతో ఉన్న ఏ ఆడదానికీ అందదు.

నేనూ ప్రయత్నించాను. ఎవరూ లేనప్పుడు దాని పక్కన మోకరిల్లి, తల వాల్చి, జరపాలని చూశాను. జరగలేదు.

మెడ వంగడం మానేసింది. ఎక్సరేలో ఏమీ కనబడలేదన్నాడు డాక్టరు. ఈ వయసు ఆడవాళ్లకు మామూలే అన్నాడు. పొద్దున లేచేసరికి దిండు తడిసి ఉంటుంది, సున్నం వాసనతో. రోజులు గడిచేకొద్దీ గంపలో కదలిక ఎక్కువైంది. అయినా ఒక సంగతి అర్థమైంది. బరువు నా మీద ఉన్నంతకాలం వంతెన మీద ఉండదు. నేను వంతెన ఎక్కనంతకాలం దానికేమీ కాదు. పాపక్క రైల్లో కూచుని వస్తుంది. మంచిదే. ఇంతమంది ఆడవాళ్లు ఇన్నేళ్లు మోసిందాన్ని నేనొక్కదాన్ని మోస్తే ఏం పోయింది అనుకున్నాను. అంతకంటే గొప్పగా ఆలోచించే ఓపిక నాలో లేదు.

ప్రారంభం పొద్దున పెట్టుకున్నారు. బంతిపూల దండలు, మైకులు. రైలు బస్సు అవతల నుంచి వచ్చింది. గట్టిగా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది ఇవతలి గట్టున నిలబడి ఉంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. వంతెన చెక్కుచెదరలేదు.

పాపక్క బండి దిగి నా వైపు వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. ఆమె నెత్తి మీద మూట లేకపోవడం మొదటిసారి చూశాను.

"కూచోని వచ్చినానమ్మణ్ణీ! దొరసాని మాదిరి! మళ్లా ఇదే బండిలో తిరిగి పోతాండాను, ఊరికే, చూసేదానికి. నువ్వూ రా, ఎక్కు."

"నేను రాను, పాపక్కా."

"ఎందుకట్లా వాడిపోయినావు? ఎన్ని దినాలుగా మోస్తాండావు..."

మాట మధ్యలో ఆగిపోయింది. తనేమందో తనకే తెలియనట్టు నన్ను చూసింది. ఆమె చూపు నా మొహం మీద లేదు. నా తలకు పైన ఉంది.

నేనేమీ అడగలేదు. ఒట్టు, నోరు తెరవలేదు. ఆమె చేతులే పైకి లేచాయి.

మెడ తేలికైంది.

ఎన్ని వారాల తర్వాతో... తల వంచి నా పాదాలు చూసుకున్నాను. ఒళ్లంతా నిద్ర కమ్మినట్టు అయింది. వద్దని అరవాలి. ఆ హాయికి కళ్లు మూతలు పడ్డాయి. బండి కూత వేసింది. తల ఎత్తేసరికి పాపక్క బండి మెట్ల దగ్గర ఉంది. మెడ నిటారుగా పెట్టి, అడుగులో అడుగు వేస్తూ ఎక్కుతోంది. ద్వారంలోంచి దూరేటప్పుడు, నెత్తిన ఎత్తైన గంప ఉన్నట్టు మోకాళ్లు వంచి దూరింది.

"పాపక్కా! దిగు!"

మేళం మోతలో నా మాట నాకే వినబడలేదు. బండి కదిలి వంతెన ఎక్కింది, దానితో పాటు ఆ బరువూ. మొదటి కమాను దాటింది. రెండోది దాటింది. నడిమి కమాను మీదికి వచ్చి... ఆగింది.

మేళం కూడా ఆగిపోయింది. దూరంగా కిటికీలో పాపక్క కనబడుతోంది. కూచోలేదు. నిలబడి, ఒక చేయి పైకెత్తి, ఖాళీ గాలిని జాగ్రత్తగా పట్టుకుని ఉంది. రెండో చేత్తో దాన్ని మెల్లగా జోకొడుతోంది.