జవాబివ్వకూడని మెయిల్

తుఫాను సెలవైనా కంప్లయింట్ల గదిలో ఒకరుండాల్సిందే. ఆ రోజు వంతు రుయ్-చీది. తైతుంగ్‌లోని ఆ చిన్న ఇంటర్నెట్ కంపెనీకి లోకం నలుమూలల నుంచీ తిట్లొస్తుంటాయి. మీ ఊరి నుంచి దొంగ లాటరీ మెయిళ్ళొస్తున్నాయని ఒకరు, మీ కంప్యూటరొకటి మా సైటు మీద పడిందని ఇంకొకరు. ఎవరింటి యంత్రం చెడుదారి పట్టిందో వెతికి దాని నోరు కట్టేయడం ఆమె పని.

ఆ పని నేర్పింది పాంగ్ బాబాయ్. "దిక్కుమాలిన మెయిల్‌కి జవాబివ్వకే పిల్లా. ఇచ్చావో, ఇక్కడో మనిషుందని దానికి తెలిసిపోతుంది. ఇక జన్మలో వదలదు" అనేవాడు. నిరుడు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

గాజు తలుపు అవతల సర్వర్లు. ఒక్కోదాని నెత్తిన ఒక్కో చిరుతిండి పొట్లం, కొబ్బరి వాసనేసే మొక్కజొన్న పలుకులు. ఆ పొట్లం ఉంటేనే యంత్రం బుద్ధిగా ఉంటుందని అక్కడి ఇంజనీర్ల నమ్మకం. కవరు ఆకుపచ్చదే అయ్యుండాలి, తేదీ దాటకూడదు, ఎవరూ ముట్టకూడదు. పైగా అది దెయ్యాల నెల, పోయినవాళ్ళు ఆకలితో తిరిగొచ్చే కాలం. కానీ ఆకలి రుచెరగదంటారు, ఆచారం మాత్రం ఎరుగుతుందా? బయట దుకాణాలన్నీ మూత. మధ్యాహ్నం రుయ్-చీ ఒక పొట్లం మూల చింపింది. అది పాంగ్ బాబాయ్ చూసుకున్న మెయిల్ యంత్రం మీది పొట్లం. ఆఖరి పలుకు దాకా తిని వేళ్ళు కూడా నాక్కుంది.

మనసంతా చెల్లెలి మీదే ఉంది. కొండ మీది క్లినిక్‌లో రుయ్-వెన్‌కి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, దారేమో కొట్టుకుపోయింది. పట్నం డాక్టరమ్మ వీడియోలో చూసి చెబుతుంటే అక్కడి నర్సు చేస్తోంది. ఆ వీడియో వెళ్ళేది ఈ కంపెనీ లైన్ల మీదే.

ఫోన్ మోగింది. ఏటి అవతల ఇంట్లో చిక్కుకుపోయిన పై ఇంజనీరు, పేరు కో.

"అమ్మాయ్, క్లినిక్ లైను మీద దాడి జరుగుతోంది. దొంగ పిలుపులు వేలకు వేలు. వీడియో ఆగిపోయింది. ఎక్కణ్ణుంచో చూడు, తొందరగా!"

చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అవి పరాయి దేశం నుంచి రావట్లేదు. గాజు తలుపు అవతల నుంచి వస్తున్నాయి.

ఫోన్ చెవినే పెట్టుకుని తలుపు తోసింది. లోపల చల్లగా ఉంది. ఏసీ హోరు తగ్గి, ఎవరో నెమ్మదిగా నములుతున్నట్టు కరకర చప్పుడు. కొబ్బరి వాసన. మెయిల్ యంత్రం దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. నెట్ తీగ లాగేసింది. కరెంటు తీగ కూడా లాగేసింది.

దీపాలు ఆగలేదు...

"అన్నా... తీగలు నా చేతిలో ఉన్నాయి. అయినా పంపుతోంది."

కో గొంతు తగ్గింది. "దాని మీద పొట్లం ఉందా?"

"...తిన్నాను."

"ఎంత పని చేశావే!" అన్నాడు. ఆ వెంటనే లైను తెగిపోయింది.

ఆమె బల్ల మీది తెరలో మెయిళ్ళు. పదులు... వందలు... అన్నీ పాంగ్ బాబాయ్ అడ్రసు నుంచే. అన్నిట్లోనూ ఒకటే మాట.

*నాదేదే పిల్లా?*

జవాబివ్వకూడదు. ఆ సంగతి ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. కానీ అక్కడ చెల్లెలు చచ్చిపోతోంది. కీబోర్డు దగ్గరికి లాక్కుని జవాబు కొట్టింది.

"నేనే తిన్నాను బాబాయ్. ఏం కావాలన్నా ఇస్తాను. మా చెల్లెల్ని వదిలెయ్."

నమలడం ఆగింది. దీపాలు ఆరిపోయాయి. ఒక్క మెయిల్ వచ్చింది.

*సరే.*

గంట గడిచాక రుయ్-వెన్ వీడియోలో కనిపించింది. మొహం పాలిపోయింది, కానీ నవ్వుతోంది. రుయ్-చీకి ఏడుపాగలేదు.

"మగపిల్లాడక్కా! గండం గడిచింది. కానీ చూడు, పాలు పడుతుంటే మొహం తిప్పేసుకుంటున్నాడు."

"పుట్టిన వెంటనే అంతేలేవే."

"పిడికిలి కూడా విప్పడు, మొండి వెధవ. ఇదిగో, నర్సు విప్పుతోంది."

ఫోన్ అటు తిప్పింది. ఎర్రటి చిన్న అరచేతిలో ఏదో మెరిసింది. ఆకుపచ్చ కవరు ముక్క, చింపిన మూల.

"ఇదెక్కడిదక్కా?" అంది చెల్లెలు.

పసివాడు ఆ చేతిని మెల్లగా నోటి దగ్గరికి తెచ్చుకుని, ఒక్కో వేలూ నాక్కుంటున్నాడు.