నేస్తం కట్టిన ఆదివారం

మొదటిసారి కలిసిన రోజున సస్మిత జగదీష్‌ని సరిగ్గా చూడను కూడా లేదు. ఆమె చెల్లెలు మాత్రం అతని మోచేతిని పళ్ళతో పట్టుకుని వదల్లేదు.

పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగింది ఇది. ఏడేళ్ళ పిల్ల గేటు దాటి లారీల రోడ్డు మీదికి పరుగెడుతుంటే, సూపర్‌వైజర్ జగదీష్ సినిమా హీరోలా ఎగిరి పట్టుకున్నాడు. పిల్ల కొరికింది. హీరో కెవ్వుమన్నాడు. లోపల పప్పు గ్రేడింగ్ చేస్తున్న అమ్మాయి పరుగున వచ్చి అతన్నే కసిరింది.

"వదలండి సార్! గట్టిగా పట్టుకుంటే ఇంకా కొరుకుతుంది!"

"నానెప్పుడో వదిలీసినాను తల్లీ! ఆ గుంటని వదల్మను!"

సస్మిత వాళ్ళది ఒడిశాలో రాయగడ అవతల కొండపక్క ఊరు. తండ్రి సూరత్ మగ్గాలకి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తల్లి సుకాంతి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని పలాస వచ్చి జీడిపప్పు పొట్టు తీసే పనిలో చేరింది. చిన్నది టుకి. మాట తక్కువ, కోపం ఎక్కువ. తల గోడకేసి బాదుకుంటుంది, చేతికందింది విసురుతుంది, ఎటో పరుగెడుతుంది. సొంతూళ్ళో దెయ్యమన్నారు. ఇక్కడ పొగరన్నారు. డాక్టరు దానికో పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టాడు. ఆ పేరు పెట్టుకుని ఇంట్లో ఎలా బతకాలో చెప్పలేదు.

మర్నాడు సస్మితే వచ్చి అడిగింది. "ఇంజెక్షన్ చేయించుకున్నారా సార్?"

"సేయించుకున్నాను. మీ సెల్లికీ ఒకటి సేయించీ. నన్ను కొరికినాది గదా, దానికి మంచిది కాదు."

ఆమె నవ్వింది. కనురెప్పల మీద జీడి పొట్టు ధూళి సన్నగా అంటుకుని ఉంది. ఆ రోజు నుంచీ జగదీష్‌కి గ్రేడింగ్ షెడ్డులో పని తెగ పెరిగిపోయింది. తాళం అక్కడే మర్చిపోయేవాడు. పెన్ను అక్కడే పోయేది.

"సార్, మీ బుర్ర కూడా ఇక్కడే పెట్టి వెళ్ళారా?" అని అడిగేది.

"జాగర్త సేసి ఉంచు. రేపొచ్చి పట్టుకెల్తాను."

ఈ సరదా ఎక్కువ రోజులు సాగలేదు. సుకాంతి డ్యూటీకి వచ్చేటప్పుడు టుకిని గదిలో పెట్టి తాళం వేసేది. ఒకరోజు పిల్ల కిటికీలోంచి చెంబు విసిరితే, పక్క గది ప్రసన్నలక్ష్మి నుదురు పగిలింది. లైను గదుల వాళ్ళంతా ఒక్కటయ్యారు. ఖాళీ చెయ్యమన్నారు.

"రేపు వెళ్ళిపోతున్నాం సార్," అంది సస్మిత. "ఇక మీ మోచెయ్యి హాయిగా ఉంటుంది."

అలా అనేసి పప్పు గంప వైపు తిరిగిపోయింది.

జగదీష్ ఆ సాయంత్రం సొంతూరు అక్కుపల్లి వెళ్ళి తల్లి సరోజిని ముందు నిలబడ్డాడు. ఆమె ఆదివారాలు పలాస స్కూలు వరండాలో తోటి తల్లులతో కూర్చుంటుంది. అంతా మొండి పిల్లల్ని పెంచి గట్టెక్కిన ఆడవాళ్ళు. ఇప్పుడు ఆ బాధలో ఉన్నవాళ్ళకి తోడుంటారు. ఆ సంఘం పేరెత్తితేనే జగదీష్‌కి తలకొట్టేసినట్టుండేది. ఎందుకంటే అక్కడ ఆమె చెప్పే కథంతా ఇతగాడిదే.

"అమ్మా, మా ఫ్యాక్టరీలో ఒకావిడకి నీ అవసరం ఉన్నాది. బేగి రా."

సరోజిని వెళ్ళి సుకాంతి గడప మీద చతికిలబడింది. సలహా ఒక్కటీ ఇవ్వలేదు. కొడుకుని చూపించింది.

"ఒలే అప్పా, ఈడ్ని సూడు. ఎంత బుద్ధిమంతుడినాగ నిలబడ్డాడో! సిన్నప్పుడు మేష్టారి సెవి కొరికీసినాడు. ఇంట్లో కుండ నిలిచీది కాదు. ఒకనాడు ఇసిగిపోయి, మంచం కోడుకి తాడుతో కట్టీసి తోటకి పోనాను. తిరిగొచ్చీసరికి మణికట్టు తోలు లేసిపోనాది. సూపించరా."

సైకిలు మీంచి పడ్డానని అందరికీ చెప్పుకునే మచ్చ అది. జగదీష్ చెయ్యి చాపాడు.

సస్మిత ఒక్కో ముక్కా ఒడియాలో తల్లికి చెబుతూ, తాడు దగ్గరికొచ్చేసరికి ఆగింది. మళ్ళీ చెప్పింది. సుకాంతి ఆ మచ్చని వేలితో తడిమి చూసింది. గదికి తాళం వేసిన ఆ తల్లి అప్పుడు ఏడ్చిన ఏడుపు లైనంతా వినబడింది. సరోజిని ఆపమనలేదు, పక్కన కూర్చుంది. ఆ తర్వాత ప్రసన్నలక్ష్మి గదికి వెళ్ళి కట్టు మార్చి, ఆమె చేతే "ఉండనియ్యండి" అనిపించింది.

సరోజిని ప్రతి ఆదివారమూ వచ్చేది. టుకి మారిపోయిందని కాదు. కోపం కోపమే. కానీ కొరకాలనిపించినప్పుడు సరోజిని కొంగు వెతుక్కుని నోట్లో పెట్టుకోవడం నేర్చుకుంది. ఆ చీరలన్నిటికీ కొంగులు చిల్లులే.

ఇంతలో వాన ఒకటి వచ్చిపడింది. కళ్ళంలో ఆరబోసిన జీడిపిక్కల మీద టార్పాలిన్ కప్పడానికి అందరూ పరుగెత్తారు. ఒక కొస జగదీష్ చేతికీ, ఎదురు కొస సస్మిత చేతికీ వచ్చాయి. వానదేవుడు కూడా ఒక్కోసారి పెళ్ళిళ్ళ పేరయ్యే.

"పట్టుకోండి సార్, ఎగిరిపోతోంది!"

"సార్ ఏటి? పేరెట్టి పిలు."

"జగదీష్ సార్."

"సారు తీసీ."

"తీసేస్తే ఏం మిగుల్తుంది?"

"నానే మిగుల్తాను."

ఆమె ముఖం మీద నీళ్ళు తుడుచుకోలేదు. "నేనొక్కదాన్నే రాను. నాతో అమ్మ వస్తుంది. టుకి వస్తుంది. మీ ఇంట్లో సామాన్లు విసురుతుంది."

"మా ఇంట్లో ఇప్పుడు కుండల్లేవు. నా దెబ్బకి అన్నీ స్టీలువే కొన్నారు."

పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. "ముందు మీ అమ్మకి చెప్పు."

"ఆదివారం అమ్మ మీ ఇంటికాడ్నుంచి రాగానే సెప్తాను. మా యమ్మ కాదనదు."

కాదని ఉండేది కూడా కాదు.

ఆ ఆదివారం సరోజిని పొద్దువాలాక ఇల్లు చేరింది. పాదాలకి పసుపు, తల్లో పూలు, ఒంటి మీద ఎర్రంచు ఒడియా చీర. ముఖం చూస్తే పెళ్ళికూతురే.

"ఒరే జగ్గా! సుకాంతీ నానూ అమ్మోరి ముందర నేస్తం కట్టుకున్నాం!"

ఉద్దానంలో నేస్తం కట్టుకోవడమంటే ఊరికే స్నేహం కాదు. పసుపూ పూలూ చీరలూ మార్చుకుని దేవత సాక్షిగా ఒప్పుకునే చుట్టరికం. ఆపైన పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తమనే పిలుచుకుంటారు. కష్టం ఒకరిదైతే కన్నీరు ఇద్దరిదీ. వాళ్ళ పిల్లలు తోబుట్టువులు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ వియ్యం కుదరదు. సుకాంతి వాళ్ళ వైపూ ఇదే కట్టుబాటు.

"పాపం, ఈ ఊల్లో దానికెవులున్నారు?" సరోజిని పొంగిపోతూ చెబుతోంది. "ఇకనించి టుకి సరోజినమ్మ నేస్తం కూతురు. ఎవుడు నోరెత్తుతాడో సూత్తాను! సస్మిత నీకు సెల్లెలురా. ఆడపిల్ల లేదన్న బెంగ తీరిపోనాది నాకు. అవునూ, ఏదో సెప్తానన్నావు?"

"ఏటీ లేదమ్మా," అన్నాడు జగదీష్.

మర్నాడు షెడ్డు వెనక సస్మిత కళ్ళు వాచి ఉన్నాయి.

"తెలీక కట్టుకున్నారు," అన్నాడతను. "ఇయాల సెప్పీత్తాను. తెంపీమంటాను."

"నిన్న ప్రసన్నలక్ష్మి టుకిని పిలిచి ఉప్మా పెట్టింది. ఎన్నాళ్ళయిందో, అమ్మ కూడా గడప మీద అందరితో కూర్చుంది. తెంపితే మేం మళ్ళీ ఎవరం?"

"మరి మనమేటి సస్మితా?"

"మనం వాన రోజే చెప్పాల్సింది. ఆదివారం దాకా ఆగాం."

"నానింక ఆగను."

"అయితే తెంపించు. కానీ మా అమ్మకి ఎవరు చెప్తారు? నీకు ఒడియా రాదు. నేనే చెప్పాలి." ఆమె తల అడ్డంగా ఊపింది. "నా నోటితో ఆ మాట చెప్పలేను."

నేస్తం భోజనానికి సుకాంతి వాళ్ళు అక్కుపల్లి వచ్చారు. టుకి కొబ్బరి చెట్ల మధ్య అరుచుకుంటూ తిరుగుతోంది. ఎవరూ విసుక్కోలేదు. విస్తళ్ళ ముందు సుకాంతి జగదీష్‌ని చూస్తూ ఒడియాలో ఏదో అడిగింది. సస్మిత తలెత్తలేదు.

"ఏటంటన్నాది?" అన్నాడు.

"నాకు... నాకో మంచి సంబంధం చూడమంటోంది. అన్నవి గదా, నీ మీదే భారమంట."

సరోజిని చేతిలో గరిటె ఆగింది. కొడుకు ముఖం చూసింది, సస్మిత ముఖం చూసింది. నోరు తెరిచి, పక్కనే నవ్వుతున్న నేస్తాన్ని చూసి, మూసేసుకుంది.

"ఏటి సెప్పమంటావు?" అన్నాడు జగదీష్ సస్మితతో చిన్నగా.

"అమ్మ ఎదురుచూస్తోంది."

"సూత్తానని సెప్పు."

సస్మిత తల్లి వైపు తిరిగి చెప్పింది. ఒక్క మాటకి అంతసేపు పట్టదు. చెబుతూనే ఉంది, విస్తరి అంచు మడుస్తూ, విప్పుతూ. అంతా విని సుకాంతి లేచి వచ్చి, కొడుకుని దీవించినట్టు జగదీష్ తల మీద రెండు చేతులూ పెట్టింది.

సస్మిత ఏం చెప్పిందో అతను ఎప్పుడూ అడగలేదు.