వాన పడ్డ ఊళ్ళకే

ఇఖ్రా పరుగెడుతోంది!

భైంసా శివారు. జిన్నింగ్ మిల్లు వెనక చీకటి. కాళ్ళ కింద బురద. వీపు మీద టార్చి వెలుగు!

"ఆగు పోరీ! ఫోన్ ఇయ్యి... ఇడిచిపెడ్త!"

భానుప్రసాద్ గొంతు. విత్తనాల సేటు. నిన్నటిదాకా ఆమెకు జీతమిచ్చినవాడు.

ఫోన్ ఇవ్వదు. చచ్చినా ఇవ్వదు!

అతని యాడ్లన్నీ చేసింది ఆమే. సాయంత్రం ఏ మండలంలో వాన పడిందో చూస్తుంది. తెల్లారేసరికి ఆ మండలం రైతుల ఫోన్లలోనే పత్తి విత్తనం యాడ్! నేల తడిగా ఉంది. అదను దాటిపోతుందని భయం. ఇక రైతు ఆలోచించడు... కొంటాడు.

కొన్నారు. విత్తారు. ఒక్క మొలక లేదు!

నిన్న గోదాంలో ఆమె కళ్ళారా చూసింది. పత్తి తీసేశాక మిల్లులో మిగిలిన గింజలకు అసలు విత్తనంలా రంగు పూస్తున్నారు. కొత్త సంచుల్లో నింపి లారీకెత్తిస్తున్నారు.

"ఆసిఫాబాద్ దిక్కు వానంట. మొన్న మనదగ్గర కొన్నోళ్ళకే యాడ్ కొట్టు. మొలవలేదంటే మళ్ల విత్తాలె గద!" నవ్వాడు సేటు.

ఇఖ్రా కొట్టింది. అదే ఊళ్ళకు. అదే రైతులకు.

వీడియో మాత్రం మార్చేసింది!

రైతులంతా చూసేలా తెల్లారేదాకా అది ఆగకూడదు. అంతే!

ఆగి ఉన్న లారీ చాటుకు మళ్ళబోతుంది... కాలు జారుతుంది!

జుట్టు మీద పిడికిలి!

"దొరికింది సేటూ!" లారీ డ్రైవర్ అంతయ్య.

"ఇడువు అంతన్నా..."

"నోర్మూయ్! నా నౌకరి తీస్తవా?"

లారీ క్యాబిన్‌లో అతని ఫోన్ పాడుతోంది. పాట ఠక్కున ఆగింది...

యాడ్!

"మొన్న వేసిన విత్తనం మొలవలేదా అన్నా? అది నకిలీ. మళ్ల కొనకుండ్రి!"

ఆమె గొంతే!

అంతయ్య పిడికిలి సడలింది.

"గిది... నా ఫోన్ల ఎట్లొచ్చింది?"

"కొన్నోళ్ళ నంబర్లకే వస్తదన్నా, ఏడున్నా." ఆమె మెల్లగా తల ఎత్తింది. "నువ్వు గూడ వేసినవా?"

అతను లారీలోని సంచుల వంక చూస్తాడు. తానే మోసిన సంచులు.

"ఆసిఫాబాద్ దిక్కు మా ఊర్ల మూడెకరాలు. నా పెండ్లాం రోజూ పొద్దుగాల పోయి చూసొస్తది... ఒక్కటి గూడ మొలవలే."

"ఏం ముచ్చట్లురా ఆడ?"

సేటు! చేతిలో పిస్టల్!

"బంద్ జెయ్ యాడ్!"

"చెయ్య."

"సంపుత!"

"సంపు."

"నిన్నెందుకే... నీ ఫోన్ సాలు!"

ధాం!

ఆమె చేతిలో ఫోన్ ముక్కలు ముక్కలు! ఆమె అరచేయి చీలింది. మోచేతి దాకా నెత్తురు.

సేటు పగలబడి నవ్వుతాడు. "అయిపాయె! ఖతం నీ యాడ్!"

ఇఖ్రా పళ్ళు బిగిస్తుంది.

"యాడ్ ఫోన్ల ఉండదు సేటూ... ఫోన్ల ఉన్నది దాన్ని ఆపే బటన్. అదొక్కటే!"

నవ్వు ఆగింది.

పిస్టల్ ఆమె నుదుటికి లేచింది...

మధ్యలోకి అంతయ్య!

"జరుగు బే!"

"జరగ. నా మూడెకరాలు సంపినవ్ గద... నన్ను గూడ సంపు!"

ధాం!

అంతయ్య కూలిపోయాడు... యాడ్ మాత్రం ఆగలేదు!