స్ట్రెచర్ మోసే ఇద్దరు

నెమరుతొట్టికి రంగు పడదు. అందుకే తొట్టిలోకి దిగే ప్రతి ప్లాస్టిక్ వస్తువూ ముందు నూకరత్నం బల్ల మీదికి రావాలి. ఆమె ఎడమ చేత్తో వస్తువును దీపం కింద తిప్పుతూ, కుడి చేత్తో విప్పుద్రవం పూసింది. దువ్వెన, సబ్బుపెట్టె మూత, ఏదో బొమ్మబండి చక్రం. పూత బుడగలు కట్టి పైకి లేచింది. గుడ్డతో ఒక్క లాగు లాగేసరికి అడుగున పాలిపోయిన అసలు ప్లాస్టిక్ బయటపడింది. పాత రంగుల్లోని సీసం ఏమాత్రం లోపలికి వెళ్లినా తొట్టిలో ప్లాస్టిక్‌ను తినే సూక్ష్మజీవులు మేత మానేస్తాయి. భీమిలి విప్పుశాలలో దాన్ని తొట్టి అలగడం అంటారు. నూకరత్నం తుడిచి పంపిన మేతకు తొట్టి ఇంతవరకు అలగలేదు.

పగలంతా రంగులు విప్పే ఆమెకు సెలవు రోజు రంగులు వేయడం సరదా. ముత్తాతల కాలంలో తీర్థాల్లో సంచులకెత్తి అమ్మిన ప్లాస్టిక్ సైనికులంటే ఆమెకు ప్రాణం. ఒక్కొక్కడిని సబ్బునీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, పట్టుపూత పూసి, ఆ తర్వాతే రంగు ముట్టించేది. ఆ ప్లాస్టిక్ జారుడుది, తొందరపడితే రంగు పొరలా ఊడి వచ్చేస్తుంది. అలాంటి బొమ్మలు ఇంట్లో ఉంచుకోవాలంటే బతుకుముద్ర ఉండాలి. యజమాని ఊపిరి ఉన్నంతకాలం ముద్ర చెల్లుతుంది. ఊపిరి ఆగితే ముద్ర వాడిపోతుంది, వస్తువు తొట్టికి చెందుతుంది. ఆ చట్టం మీద ఆమెకు కోపం లేదు. సముద్రం మళ్ళీ చేపలు ఇస్తున్నదంటే అది తొట్టి చలవే.

సరుకు మోసుకొచ్చే కదిలే పట్టీ మీద ఒక రేకుపెట్టె వచ్చి ఆగింది. మూత తీసి చూసి నూకరత్నం కుంచె కింద పెట్టేసింది.

పెట్టె నిండా సైనికులు. పాకేవాళ్ళు, గురిపెట్టేవాళ్ళు, బాకా ఊదేవాళ్ళు. అందరికీ మీసాలు. కొందరికి కోరమీసాలు, కొందరికి చెంపల దాకా పాకిన గుబురు మీసాలు. అచ్చు ఏ దేశానిదైనా మీసం పెడితే మనవాడైపోతాడని వాదించే మనిషి ఆమెకు తెలిసి ఒక్కరే.

“ఏటక్కా, ఆగిపోనావు?” ఆ పూట పనివాళ్ళకు పెద్ద అయిన పైడిరాజు గాజుగది లోంచి తల బయటపెట్టాడు. “రేకు పెట్టెలో తేలుందా ఏటి?”

“ఇవి జగ్గారావు గారివి.”

“ఏ జగ్గారావు?”

“లైట్‌హౌస్ కాడ ఉంటారు. మా బొమ్మల కూటమి మనిషి.”

పైడిరాజు తన పలక వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “ముద్ర వాడిపోయిందక్కా. గురువారం.”

నూకరత్నం బల్ల అంచు పట్టుకుంది. మొన్న కూటమికి ఆయన రాలేదు. మోకాలు మళ్ళీ పట్టేసుంటుందిలే అని అందరూ నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. కిందటిసారి గుమ్మం దిగుతూ ఆయన, “రంగు ఆరాక కనబడతాను” అన్నాడు. ఎప్పుడూ అలాగే అనేవాడు. ఆ మాటకు బదులు చెప్పిందో లేదో ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు.

“కూకో అక్కా. ఈ పెట్టె పక్క బల్లకి పంపిద్దునా?”

“వద్దు. ఇంకెవరి చేతికీ ఇవ్వకు.”

ఆమె ఒక్కొక్క జట్టును బయటికి తీసి తూకరి కన్ను ముందు పేర్చింది. తూర్పు తీరంలోని విప్పుశాలలన్నింటికీ లెక్క చూసే యంత్రం తూకరి. దాని గొంతులో కోపం ఉండదు, జాలి ఉండదు.

“జట్టు అసంపూర్ణం,” అంది తూకరి. “స్ట్రెచర్ ఉంది. గాయపడిన మనిషి ఉన్నాడు. ముందు మోసేవాడు ఉన్నాడు. వెనక మోసేవాడు లేడు. వెతికి కలపండి. సగం వస్తువును తొట్టి తీసుకోదు.”

వెనక మోసేవాడు నూకరత్నం ఇంట్లో, కిటికీ పక్క అరలో ఉన్నాడు. కూటమిలో ఎవరూ పూర్తి జట్టును తమ ఇంట్లో ఉంచుకోరు. ప్రతి జట్టులోనూ ఒక బొమ్మను ఇంకొకరి అరలో కుదవ పెడతారు. దాన్ని చూసుకోవడానికైనా మనిషి మళ్ళీ రావాలి కదా అని మొదలైన అలవాటు అది. తీరా ముద్రలు వేయించుకునే రోజున అందరూ ఒకే పొరపాటు చేశారు. కుదవకిచ్చిన బొమ్మ ఇంకా తన జట్టులోదే కాబట్టి జగ్గారావు దాన్ని తన పేరున రాయించాడు. తన ఇంట్లో ఉన్నది కాబట్టి నూకరత్నం తన పేరున రాయించింది. అది తప్పని ఇద్దరికీ తోచనే లేదు.

పైడిరాజు ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. ముఖం చూసి సంగతి పోల్చుకుని, తూకరికి వినబడనంత మెల్లగా అడిగాడు.

“నీ కాడుందా?”

“ఉంది.”

“అయితే ఒక మాట సెప్పీనా? ఇరిగిపోయిందని రాసేద్దుం. పాతయి పెళుసు, ఇరగవేటి? నీ బొమ్మ నీ కాడే ఉంటాది. ఇయి తొట్టిలోకి పోతాయి. ఎవుడికీ గొడవుండదు.”

“స్ట్రెచర్ ఎవడు మోస్తాడు మరి?”

“అక్కా, అయి బొమ్మలు.”

“తెలుసు నాయనా. ఆ మీసాల కోసం కళ్ళు చిట్లించుకుని గంటలు గంటలు కూర్చున్నోడు బొమ్మ కాదు.”

ఆమె తూకరి వైపు తిరిగింది. “వెనక మోసేవాడు నా దగ్గర ఉన్నాడు. నా ముద్ర కింద.”

“ఒక వస్తువు మీద రెండు ముద్రలు. ఒకటి వాడింది, ఒకటి చెల్లుతోంది. హద్దు విప్పుకర్త చెప్పాలి.”

హద్దు చెప్పడం ఆమెకు రోజూ ఉన్న పనే. సీసా, దాని మూత ఒక వస్తువా, రెండా? గొడుగు, పిడి ఒకటా, రెండా? చేతితో పట్టుకుని చూసిన మనిషి మాటే చివరి మాట. ఆ తీర్పు యంత్రానికి వదలకూడదని చట్టం రాసినవాళ్ళు గట్టిగా అనుకున్నారు.

“రెండు అంటే?” అని అడిగింది.

“మీ బొమ్మ మీది. పెట్టెలోవి తొట్టివి.”

“ఒకటి అంటే?”

“ఒకటే వస్తువైతే ఒకటే ముద్ర ఉండాలి. చెల్లే ముద్ర నిలిస్తే అన్నీ ఉంటాయి. వాడిన ముద్ర నిలిస్తే అన్నీ తొట్టివి, మీ దగ్గర ఉన్నదానితో సహా. ఏది నిలుస్తుందో ముందు తీర్పు లేదు.”

“రెండు అనీ అక్కా,” అన్నాడు పైడిరాజు మెల్లగా. “నీదైనా దక్కుతాది.”

నూకరత్నం స్ట్రెచర్‌ను అరచేతిలోకి తీసుకుంది. ముందు మోసేవాడు చేతులు వెనక్కి చాపి నడుస్తున్నాడు. వెనక ఆసరా లేక స్ట్రెచర్ నేలకు వాలి, పడుకున్నవాడి తల కిందకి జారింది. చక్కని పని. గాయం మీది కట్టుకు జగ్గారావు తెలుపులో రవ్వంత పసుపు కలిపాడు, ఉతికిన గుడ్డలా కనబడాలని. దీన్ని విప్పడం ఆమెకు ఒక్క నిమిషం పని. తన చేతి పనితనం మీద తనకున్న నమ్మకమే ఇప్పుడు ఆమెను నిలబెట్టింది. వేల వస్తువుల హద్దులు చెప్పింది. ఒక్కటీ తప్పు కాలేదు. ఇదీ కాదు.

“ఒకటి,” అంది.

“మరొకసారి చెప్పండి.”

“ఒకటే వస్తువు. రెండు ఇళ్ళలో ఉంది, అంతే.”

తూకరి కన్ను పెట్టె మీదికి మళ్ళింది. బాకా ఊదేవాళ్ళ జట్టులో ఒకడు లేడు. పాకేవాళ్ళలో ఒకడు లేడు. అదే తీర్పును యంత్రం ఒక్కొక్క జట్టుకూ వర్తింపజేసుకుంటూ పోయింది. లేనివాడు ఎవరి అరలో ఉన్నాడో ముద్రల లెక్కల్లో వెతికింది. ఆ అర తాలూకు జట్టులో ఇంకొకడు లేడు, వాడు మరొకరి ఇంట్లో ఉన్నాడు. పలక మీద పేర్లు పుట్టుకొచ్చాయి. భీమిలి, చిట్టివలస, పూసపాటిరేగ. చదివేలోపే పైకి జరిగిపోతున్నాయి.

“కూటమోళ్ళు నిన్ను తిడతారక్కా. అందరివీ లాగీసినావు.”

“తిట్టనీ. తిట్టడానికైనా వస్తారు.”

పైడిరాజు మెడ రుద్దుకున్నాడు. “మా ఆడదాని కాడ గుర్రం మీదోడు ఒకడున్నాడు,” అన్నాడు. “వాళ్ళ పిన్ని తన జట్టులోంచి ఇచ్చింది. దీపం పక్కన పెట్టుకుంటాది.”

“పిన్ని ఉందా?”

“నేదు. పోయి నాలుగేళ్ళయింది.”

ఆ మాట తూకరి విన్నది. పలక మీద పైడిరాజు భార్య పేరు కూడా చేరింది. అతను దాన్ని చూశాడు. చెరిపేయడానికి చెయ్యి పైకెత్తి, దించేశాడు.

“వస్తువు హద్దు దొరకడం లేదు,” అంది తూకరి. “యజమానుల్లో బతికున్నవారు ఉన్నారు. లేనివారు ఉన్నారు. ఈ వస్తువు ఎక్కడ ముగుస్తుంది?”

“నాకు తెలీదు,” అంది నూకరత్నం.

విప్పుకర్త నోట ఆ మాట తూకరి ఎన్నడూ వినలేదు. హద్దు తెలియని వస్తువును కదపకూడదు. పట్టీ నిలిచిపోయింది. కాసేపటికి చిట్టివలసలో నిలిచిందన్న కబురు, ఆ వెనకే పూసపాటిరేగ నుంచి ఇంకొకటి వచ్చాయి. గోడ అవతల నెమరుతొట్టి మూత తెరుచుకుని, లోపలి వెచ్చటి పులుపువాసన శాలంతా కమ్ముకుంది. మేత వెళ్లలేదు.

నూకరత్నం విప్పుద్రవం సీసాకు బిరడా పెట్టింది. జగ్గారావు బొమ్మలను ఒక్కొక్కటిగా, మీసాలు రాసుకోకుండా, మెత్తటి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.