కొడుకులాంటి మాస్టారు

"పిన్నికీ, పెద్దమ్మకీ, మేనత్తకీ కలిపి ఒకటే మాటా?"

"అవునండీ. టాంటె."

"మా మేనత్త వింటే ఆ భాషని మెడపట్టి గెంటేస్తుంది. ఆవిడా పిన్నీ ఒకటేనంటే ఊరుకుంటుందా?"

అలా మొదలైంది మొదటి పాఠం. అడిగింది ఆ ఇంటి చిన్నమ్మాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని తనది. ఎదుటివాళ్ళ సహనం కూడా కాస్త అరగదీస్తుంది. సమాధానం చెప్పినవాడు మాస్టారు. నిజానికి మాస్టారేం కాదు, పియానోలు శ్రుతి చేస్తాడు. ఆ పని నేర్పిన ముసలాయన జర్మన్ కావడంతో, తిట్లతో సహా ఆ భాష వచ్చింది.

ఆ ఇంటి పెద్దమ్మాయికి ఒక జర్మన్ అబ్బాయితో పెళ్ళి కుదిరింది. అతని తల్లికి జర్మన్ తప్ప మరో ముక్క రాదు. ఆవిడ భోజనానికి వచ్చేలోగా మనవాళ్ళని మన నోటితోనే పరిచయం చేయాలని అమ్మగారు పంతం పట్టింది. వంటింటి బల్ల చుట్టూ కూర్చుని ముటర్ అంటే అమ్మ, టోఖ్టర్ అంటే కూతురు, ష్వెస్టర్ అంటే అక్కో చెల్లెలో అని అందరూ వల్లె వేశారు.

చిక్కు మాత్రం అమ్మగారి మంచితనం వల్ల వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళని వరస కలపకుండా పిలవడం ఆవిడకి చేతకాదు. "నువ్వు నా కొడుకులాంటివాడివి బాబూ," అంది రెండోరోజే. వెంటనే పెద్దమ్మాయి "తమ్ముడూ" అంది. ఇక చిన్నమ్మాయి ఊరుకుంటుందా?

"కాఫీ తీసుకోండి, అన్నయ్యగారూ!"

మాస్టారికి కాఫీ పొలమారింది. అప్పటికే ఆ పిల్ల నవ్వితే చాలు, అతను చెప్పబోయే మాట మరిచిపోతున్నాడు. పాపం, అన్నయ్య అని ఆమె వేళాకోళానికి అంటోందో, మనస్ఫూర్తిగానే అంటోందో తెలియక నలిగిపోయాడు. ఆదివారం ఆ వియ్యపురాలు వచ్చి వెళ్ళిపోతే పాఠాలుండవు. పాఠాలు లేకపోతే ఆ గుమ్మం తొక్కడానికి సాకు ఉండదు. ఈలోగానే తేల్చుకోవాలి.

తేల్చుకుందామనే శుక్రవారం ఆమె దుకాణానికి వెళ్ళాడు. బయట వాన దంచుతోంది. ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా అక్షరాల పలక చూపించింది. అతను చిట్టచివరి వరస కూడా గడగడా చదివేశాడు.

"కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. ఎందుకొచ్చినట్టు?"

"దగ్గరున్నవి సరిగ్గా తెలియడం లేదండీ."

"ఏవి?"

అతను గబుక్కున బయటి వాన వైపు చూశాడు. ఆమె అతని వంక చూసి, పెదవి బిగబట్టి నవ్వాపుకుంది.

"కనబడకపోతే అద్దాలిస్తాం. అర్థం కాకపోతే మా దగ్గర మందు లేదు, అన్నయ్యగారూ. ఇదిగో గొడుగు. ఆదివారం తెచ్చివ్వడం మర్చిపోండి."

"మర్చిపోవాలా?"

"మర్చిపోతే మళ్ళీ ఇవ్వడానికి రావాలి కదా!"

ఇంత చెప్పినా మన మాస్టారు ఆదివారం గొడుగు చంకన పెట్టుకుని ఠంచనుగా దిగాడు. గుమ్మంలో చిన్నమ్మాయి ఆ గొడుగునీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"మీకు జ్ఞాపకశక్తి మరీ ఎక్కువండీ," అని విసవిసా లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో కారు ఆగింది. పెళ్ళికొడుకు తల్లిని గుమ్మం దగ్గర దింపి, కారు పెట్టే చోటు వెతకడానికి పెద్దమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అమ్మగారు కొంగు సర్దుకుని ఎదురెళ్ళింది. చిన్నకూతుర్ని చూపించి "మైనె టోఖ్టర్" అంది. వియ్యపురాలు ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో అమ్మగారు మాస్టారి భుజం మీద చెయ్యేసింది. జర్మన్‌లో చుట్టరికాల మాటలు తప్ప ఆవిడకి వేరే రావు. "లాంటి" అనడం అసలే రాదు.

"మైన్ జోన్!"

నా కొడుకు. కాదని చెబుదామంటే అమ్మగారి మొహం మతాబులా వెలిగిపోతోంది, మాస్టారికి మనసొప్పలేదు. వియ్యపురాలైన ఆ పెద్దావిడ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కబుర్లాడి, ఫోన్ తీసి ఫొటో చూపించింది.

"ఏమంటున్నారు బాబూ?" అంది అమ్మగారు.

"వాళ్ళ చెల్లెలి కూతురట."

"చక్కగా ఉంది."

"పెళ్ళి చేయాలనుకుంటున్నారట."

"శుభం! ఎవరికి?"

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "నాకేనటండీ."

చిన్నమ్మాయి చేతిలోని పళ్ళెం బల్ల మీద ఠంగుమంది.

"నైన్!" కాదంటూ అడ్డొచ్చింది ఆమె. "ఎర్ ఇస్ట్ నిష్ట్ మైన్ బ్రూడర్!" ఇతను నా అన్న కాదు. అక్షరం పొల్లు పోలేదు. మాస్టారు మాత్రం మెచ్చుకోవడం కూడా మరిచిపోయి నోరు వెళ్ళబెట్టాడు.

పెద్దావిడ తెల్లబోయి ఏదో అడిగింది.

"మరైతే ఎవరని అడుగుతున్నారు," అన్నాడు మాస్టారు మెల్లగా.

"మీరే చెప్పండి."

"మీరేమనుకుంటున్నారో తెలియకుండా ఎలా చెప్పనండీ? పూటకోసారి అన్నయ్యగారూ అంటారు."

"ఉడికించడానికన్నాను! ఒక్కరోజైనా కాదంటారని చూశాను. అనరే!" ఆమె తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కొడుకులాంటివాడని నువ్వనుకుంటే నీ ఇష్టం. అల్లుడైనా కొడుకులాంటివాడే కదా. నాకు ఇతనంటే ఇష్టం."

అమ్మగారు మాస్టారిని సూటిగా చూసింది. "నీకూనా?"

"మొదటి పాఠం నుంచీ అమ్మగారూ. ఆ ఫొటోలో అమ్మాయి ఎలా ఉందో కూడా చూడలేదు."

"బాగుంది సంబడం! నా ఎదురుగానే కూర్చుని ఇద్దరూ దొంగ మొహాలు పెట్టారన్నమాట." కసురుతూనే కళ్ళు ఒత్తుకుంది. "ఎటు తిరిగినా ఈ ఇంటివాడే అవుతాడు, నాకేం నష్టం? మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ, మాట్లాడతాను. ముందు పాపం ఈవిడకి జరిగిందంతా విడమర్చి చెప్పు."

మాస్టారు తడబడుతూ చెప్పాడు. పెద్దావిడ విని, పడీపడీ నవ్వి, ఫోన్ సంచీలో వేసేసుకుంది. అమ్మగారు వడ్డన చూడటానికి వంటింట్లోకి వెళ్ళింది.

చిన్నమ్మాయి గ్లాసులో నీళ్ళు పోస్తూ అతని పక్కకి వచ్చింది.

"రేపు పాఠం ఎన్నింటికి?"

"ఇంకేం పాఠం? చుట్టరికాలన్నీ అయిపోయాయి కదండీ."

"మా వాళ్ళవి అయిపోయాయి," అంది ఆమె గ్లాసు అతని చేతికిస్తూ. "మీ ఇంట్లో ఎవరెవరున్నారో ఇంకా మొదలే పెట్టలేదు. ముందు మీ అమ్మగారితో మొదలుపెట్టండి. ఆవిడకి కోపమెక్కువా?"